బ్యాటరీ అయిపోయాక మొదలయ్యే లెక్క: దూర ప్రయాణాల ఎలక్ట్రిక్ సైకిల్‌కి గేర్లు, పనిముట్లు

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు వచ్చేయండి. బల్ల మీద పెట్టినవన్నీ చిన్న చిన్న వస్తువులు, అంత దూరం నుంచి కనిపించవు.

నన్ను రెండు విషయాలు చెప్పమన్నారు. దూరం వెళ్ళే ఎలక్ట్రిక్ సైకిల్‌కి గేర్లు ఎలా ఎంచుకోవాలి, వెంట ఏ పనిముట్లు పెట్టుకోవాలి. రెండూ వేరు వేరు సంగతుల్లా కనిపిస్తాయి. నేను మాత్రం రెండింటికీ ఒకే ప్రశ్న వేసుకుంటాను: మోటారు సహాయం పూర్తిగా ఆగిపోతే ఈ సైకిల్‌ని తర్వాతి ఊరి దాకా నేనే తొక్కుకుంటూ పోగలనా? ఆగిపోవడానికి కారణాలు బోలెడు. ఛార్జి అయిపోవచ్చు, వైరు తెగొచ్చు, ఒక చిన్న సెన్సరు మొరాయించొచ్చు. మామూలు సైకిలైతే భుజాన వేసుకునైనా పోవచ్చు. ఇది సామానుతో కలిపి 50 కిలోల దాకా ఉంటుంది. గట్టు ఎక్కించడానికే ఇద్దరు కావాలి.

గేర్లతో మొదలుపెడదాం. కొద్దిగా లెక్కలుంటాయి, కంగారు పడకండి. గుణకారం, భాగహారం దాటి వెళ్ళను.

సైకిలు 28 కిలోలు, సామాను 22, తొక్కే మనిషి 70 అనుకుందాం. మొత్తం 120. రోడ్డు 8 శాతం ఎత్తు, అంటే 100 మీటర్లు ముందుకు పోతే 8 మీటర్లు పైకి లేస్తుంది. కొండ దారుల్లో ఇది మామూలే. ఆ ఎత్తులో మన బరువే మనల్ని వెనక్కి లాగుతుంది, సుమారు 94 న్యూటన్ల బలంతో. టైర్ల రాపిడికి ఇంకో 10 కలిపి 104 అనుకోండి. గంటకు 10 కి.మీ. వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర దాదాపు 290 వాట్లు కావాలి. రోజంతా తొక్కే మామూలు మనిషి కాళ్ళ నుంచి నిలకడగా వచ్చేది 100 నుంచి 150 వాట్లు. మిగతాది మోటారు పెట్టుకుంటోంది కాబట్టి మనకు తెలియడం లేదు, అంతే.

ఇప్పుడు మోటారు ఆపేయండి. 150 వాట్లతో అదే ఎత్తు ఎక్కాలంటే వేగం గంటకు 5 కి.మీ. చిల్లరకు దిగాలి. అంత నిదానంలో కూడా పెడల్ నిమిషానికి 60 చుట్లయినా తిరగాలి. మరీ తగ్గితే మోకాళ్ళు పట్టేస్తాయి, హ్యాండిల్ నిలవదు. అందుకని పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత ముందుకు పోతుందో చూసుకోవాలి. ముందున్న పళ్ళ చక్రంలో ఎన్ని పళ్ళున్నాయో దాన్ని వెనకున్న పళ్ళ చక్రం పళ్ళతో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణించడమే. 700 ఇంటూ 40 అని రాసి ఉండే కొలత టైరుకి చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు.

ముందు 44 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దది 34. కొన్నప్పుడు ఇలా వచ్చే సైకిళ్ళు చాలానే ఉన్నాయి. 44ని 34తో భాగిస్తే 1.29, దాన్ని 2.2తో గుణిస్తే 2.85 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 10 కి.మీ. పైనే. అంటే ఆ సైకిల్ మీద అన్నిటికంటే తేలిక గేరు కూడా మిమ్మల్ని 290 వాట్లు అడుగుతోంది. మీరు ఇవ్వలేరు. దిగి తోయాల్సిందే. మోటారు ఉన్నన్నాళ్ళూ ఈ లోపం బయటపడదు.

ముందు 34, వెనక 51 పెట్టి చూడండి. ఒక్కో చుట్టుకు 1.47 మీటర్లు. 60 చుట్లకు గంటకు 5.3 కి.మీ., 150 వాట్లు. రొప్పుతాం, చెమటలు కక్కుతాం, కానీ ఎక్కుతాం. ఎత్తు 5 శాతమే అయితే 100 వాట్లతో పని జరిగిపోతుంది.

(సభలోంచి ఒకరు: ముందు అంత చిన్నది పెడితే చదును రోడ్డు మీద కాళ్ళు ఊరికే గిరగిరా తిరుగుతాయి కదండీ?)

మంచి ప్రశ్న. లెక్క కట్టి చూద్దాం. ముందు 34, వెనక 11 అయితే ఒక చుట్టుకు 6.8 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తిప్పితే గంటకు 32 కి.మీ. దాటుతుంది. ఐరోపా దేశాలతో సహా చాలాచోట్ల నియమం ప్రకారం మోటారు 25 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ పైన 28 కిలోల సైకిల్‌ని సామానుతో సహా సొంత బలంతో 35లో లాగేవాళ్ళు ఈ గదిలో ఎంతమంది? 44, 11 జోడీ ఇచ్చే 42 కి.మీ. వేగం దిగుడులో తప్ప రాదు. దిగుడులో తొక్కడం ఎందుకు, కూర్చుంటే చాలు. పై గేరు మీద మోజు రేసు సైకిళ్ళ నుంచి అంటుకున్నదని నా అభిప్రాయం. సామాను సైకిల్‌కి అది అక్కర్లేదు.

అయితే చిన్న పళ్ళ చక్రానికి ఒక ఖర్చుంది, అది దాచకూడదు. మోటారు పెడల్ ఇరుసు దగ్గర ఉండే సైకిళ్ళలో, మిడ్ డ్రైవ్ అంటామే, మోటారు బలం మొత్తం చైను మీదుగానే పోతుంది. తిప్పే బలం 85 న్యూటన్ మీటర్లు ఉన్న మోటారు పూర్తిగా లాగితే 44 పళ్ళ చక్రం మీద చైను లాగుడు సుమారు 960 న్యూటన్లు. అదే మోటారు 34 పళ్ళ మీద అయితే 1,240. అంటే 126 కిలోల బరువును ఆ చైనుకి వేలాడదీసినట్టు. దానికి మీ కాళ్ళ బలం అదనం. చైను త్వరగా సాగుతుంది. వెనక 11, 13 పళ్ళ చక్రాలు మరీ త్వరగా అరుగుతాయి, ఎందుకంటే ఆ లాగుడు మొత్తాన్ని కొద్ది పళ్ళే పంచుకోవాలి. అందుకే చదునులో వీలైనంత వరకు వెనక మధ్య పళ్ళ చక్రాల మీద తొక్కమంటాను. 34, 17 జోడీ మీద గంటకు 20 కి.మీ. పోతే పెడల్ నిమిషానికి 76 చుట్లు తిరుగుతుంది, అది హాయిగానే ఉంటుంది. షిమానో కంపెనీ లింక్‌గ్లైడ్ లాంటి గేరు సెట్లు ఈ అరుగుదల కోసమే పళ్ళను మందంగా చేసి తెచ్చారు. దూరం పోయేవాళ్ళకు నాలుగు గ్రాముల బరువు తగ్గడం కన్నా అదే లాభం.

ఇంకో సంగతి. ముందు పళ్ళ చక్రం మార్చాలనుకుంటే మీ మోటారు ఎంత చిన్నదాన్ని రానిస్తుందో ముందే చూసుకోండి. కొన్నిటికి మోటారు డొప్పే అడ్డం వస్తుంది. బాష్ వాళ్ళ రెండో తరం మోటార్ల దగ్గర చాలామంది తికమక పడతారు. వాటికి ముందు పళ్ళ చక్రం అరచేతిలో పట్టేంత ఉంటుంది, 15, 18 పళ్ళు. కానీ పెడల్ ఒకసారి తిరిగితే అది లోపలి గేర్ల వల్ల రెండున్నర సార్లు తిరుగుతుంది. కాబట్టి 18ని 45గా లెక్కేయాలి. ఆ తర్వాతి తరాల్లో మామూలు పళ్ళ చక్రాలే వచ్చాయి.

మిడ్ డ్రైవ్ ఉన్నవాళ్ళు గేరు మార్చేటప్పుడు పెడల్ మీద బలం ఒక్క క్షణం తగ్గించండి. తొక్కడం ఆపొద్దు, నొక్కడం ఆపండి. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవ్వక ముందే తేలిక గేరులోకి రండి. పెద్ద గేరులో ఆగిపోయి, సహాయాన్ని పూర్తిగా పెంచి, లేచి నిలబడి తొక్కడం చైను తెగడానికి దగ్గరి దారి. మోటారుకి కూడా నిమిషానికి 70, 80 చుట్లే ఇష్టం. 45లో ఈడుస్తుంటే వేడెక్కుతుంది, బ్యాటరీ తాగేస్తుంది.

చక్రంలోనే మోటారు ఉండే హబ్ మోటారు వాళ్ళు, 'మాకు గేర్లతో పనేముంది, మోటారు నేరుగా చక్రాన్నే తిప్పుతుంది' అంటారు. సగం నిజం. మీ గేరు మోటారు గేరును మార్చదు. కానీ హబ్ మోటారు చక్రం వేగంతో కట్టుబడి ఉంటుంది. ఎత్తులో చక్రం వేగం బాగా పడిపోతే బ్యాటరీ నుంచి వచ్చే శక్తిలో పెద్ద భాగం వేడిగా పోతుంది. చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. చిన్న హబ్ మోటార్ల లోపల నైలాన్ పళ్ళ చక్రాలుంటాయి, వేడికి ముందు పోయేవి అవే. మీ దగ్గర తేలిక గేరుంటే మీరూ కాళ్ళతో గట్టిగా సాయం పట్టి చక్రం వేగం పడకుండా చూడొచ్చు. వెనక 14 నుంచి 28 పళ్ళ పాత తరహా ఫ్రీవీల్, అంటే చక్రానికి మర బిగించే పళ్ళ చక్రాల గుత్తి, ఉన్న సైకిళ్ళకు ఆ వీలు తక్కువ. 11 నుంచి 34 పళ్ళ స్క్రూ ఫ్రీవీళ్ళు దొరుకుతున్నాయి, మార్చుకోవడానికి డబ్బు పెట్టొచ్చు.

చక్రం నడిమి హబ్‌లోపలే గేర్లుండే రకాలూ ఉన్నాయి. రోలాఫ్ కంపెనీ 14 గేర్లది 526 శాతం వ్యాప్తి ఇస్తుంది, అంటే పై గేరు తేలిక గేరుకి 5.26 రెట్లు; నిలబడి ఉన్నప్పుడు కూడా గేరు మార్చొచ్చు, చైనును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డిరైలర్ వెనక వేలాడదు. ఖరీదెక్కువ. ముందు ఎంత చిన్న పళ్ళ చక్రం పెట్టొచ్చో కంపెనీయే హద్దు చెబుతుంది, దాన్ని దాటకండి. ఇంతకు మించి దీని జోలికి ఇవాళ పోను.

బ్యాటరీ గురించి ఒక్క లెక్క చెప్పి పనిముట్లకు వస్తాను. మన 120 కిలోలను 1,000 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, రాపిడి వదిలేస్తే, 327 వాట్ అవర్లు కావాలి, అంటే 327 వాట్లు గంటసేపు ఇచ్చే శక్తి. అందులో మూడో వంతు మీ కాళ్ళు పెట్టినా, మోటారు నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ నుంచి 280 దాకా పోతుంది. 500 వాట్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఒక్క కొండ తినేస్తుంది. దూరం ఎన్ని కిలోమీటర్లని కాదు, మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలని చూసి బయల్దేరండి. ఈ సైజు 36 వోల్టుల బ్యాటరీని 2 ఆంపియర్ల ఛార్జరుతో నింపడానికి ఆరేడు గంటలు పడుతుంది, 4 ఆంపియర్లదైతే దాదాపు సగం. మీ బ్యాటరీ తట్టుకుంటుందని తయారీదారు చెప్తేనే పెద్ద ఛార్జరు.

ఇక ఈ బల్ల మీదివి. ముందు మీకో పరీక్ష పెడతాను. మీ అందరి దగ్గరా ఇలాంటి మడత పనిముట్టు ఉంటుంది, అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు అన్నీ ఒక్కదాంట్లో. చాలా బాగుంటుంది. ఇందులో హబ్ మోటారు చక్రం ఊడదీసే స్పానర్ ఎక్కడుంది చూపించండి. లేదు. హబ్ మోటారు ఇరుసు నట్టుకి చాలా వాటికి 18 మి.మీ. స్పానర్ కావాలి. కొన్నిటికి 19, లావు ఇరుసులకు 21 లేదా 22. ఇదిగో, ఈ పొట్టి స్పానర్, దీని బరువు మీకు దండగ అనిపిస్తుంది. కానీ వెనక టైరు కోసుకుపోయిన చోట ఇది లేకపోతే మిగతా సంచి అంతా అలంకారమే.

అయితే పంక్చర్ పడిన ప్రతిసారీ చక్రం ఊడదీయక్కర్లేదు. హబ్ మోటారు వాళ్ళకు ఇది వివరంగా చెప్తాను, ఇందాక బయట ముగ్గురు అడిగారు. సైకిల్‌ని గోడకో చెట్టుకో ఆనించండి. తలకిందులు చేయొద్దు: డిస్‌ప్లే నేలకు నలుగుతుంది, కొన్ని హైడ్రాలిక్ బ్రేకుల్లో గాలి చేరుతుంది. పవర్ ఆపి బ్యాటరీ తీసేయండి. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో టైరు మీద వెతికి సుద్దతో గుర్తు పెట్టండి. చైను లేని ఎడమ వైపు టైరు అంచును లివర్లతో జారదీయండి. ఆ వైపే బ్రేకు డిస్కు ఉంటుంది, దాన్ని వేళ్ళతో తాకకండి, జిడ్డు అంటితే బ్రేకు కీచుమంటుంది, ఇప్పుడే దిగుడు దిగి వచ్చి ఉంటే వేలు కాలుతుంది కూడా. ట్యూబును గుర్తు దగ్గర ఒక జానెడు బయటికి లాగండి. చక్రం చుట్టూ తీయక్కర్లేదు. కొంచెం గాలి కొట్టి తడి చెంప దగ్గర పెట్టుకుంటే గాలి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, మెరుపు పోయి మసకబారేదాకా ఆగండి. తొందరపడేది ఇక్కడే. తడి మీద ప్యాచ్ వేస్తే పది కిలోమీటర్లకు ఊడి వస్తుంది. ప్యాచ్ వేశాక టైరు లోపల చూపుడు వేలితో మెల్లగా తడమండి. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది, చాలాసార్లు.

చక్రం తీయక తప్పనప్పుడు, నట్టు ముట్టుకునే ముందు రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ వాషర్లు ఒక వరుసలో ఉంటాయి. ఒకదానికి చిన్న పన్ను ఉంటుంది, అది ఫ్రేము గాడిలో కూర్చోవాలి. ఆ పన్ను వాషరు, ఇరుసును ఫ్రేముకి పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ సరిగా కూర్చోకపోతే మోటారు బలానికి ఇరుసే తిరిగి వైరును మెలిపెట్టి తెంపేస్తుంది. మోటారు వైరు కనెక్టరు మీద రెండు బాణం గుర్తులుంటాయి. మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి, మళ్ళీ బాణాలు ఎదురెదురుగా పెట్టి నొక్కాలి. వైరును ఫ్రేముకి కట్టిన జిప్ టైలు కోసేస్తారు కాబట్టి కొత్తవి అరడజను సంచిలో ఉండాలి.

చైనుకి కావలసినవి ఈ డబ్బాలో ఉన్నాయి. చైను విప్పే పనిముట్టు, తెగిన చైనును మళ్ళీ కలిపే రెండు క్విక్ లింకులు, చైను కొన్నప్పుడు కోసి పారేసే ముక్క. ఆ ముక్క పారేయకండి. క్విక్ లింకు మీ వెనక గేర్ల సంఖ్యకు సరిపోవాలి. 9 గేర్లది 11 గేర్ల చైనుకి పట్టదు. లింకు సంచిలో ఉండి అది వేరే కొలతది కావడం ఎంత విసుగో ఊహించుకోండి. డిరైలర్‌ని ఫ్రేముకి బిగించే హ్యాంగర్ ముక్క, ప్రతి ఫ్రేముకీ వేరు. ఇది మీకు దారిలో ఏ దుకాణంలోనూ దొరకదనే అనుకోండి. ఇంట్లోంచే తీసుకెళ్ళాలి.

స్పోకులు: హబ్ మోటారు చక్రానివి లావుగా, పొట్టిగా ఉంటాయి, ముందు చక్రానివి దానికి పనికిరావు. రెండు కొలతలవీ రెండేసి ఫ్రేముకి టేపుతో అంటించండి. స్పోకు బిగించే కీ కూడా ఆ లావు నిపుల్‌కి, అంటే స్పోకు చివరి నట్టుకి, పడుతుందో లేదో సరిచూడండి. బ్రేకు ప్యాడ్లు ఒక జత. 120 కిలోలు కొండ దిగాలంటే అవి మీరు అనుకున్నదానికంటే త్వరగా అయిపోతాయి. ఒక గేరు కేబులు. టీ25 టార్క్స్ కీ, 4, 5, 6, 8 మి.మీ. అలెన్లు. బ్యాటరీ తాళానికి రెండో చెవి, అది మొదటి చెవి ఉన్న గుత్తికి కాకుండా వేరే చోట.

కరెంటు వైపు నేను తీసుకెళ్ళేది తక్కువ: ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, పొడి గుడ్డ. మోటారు ఆగిందంటే ముందు చూడాల్సింది స్పోకు మీది అయస్కాంతం. గుంతలో పడ్డప్పుడు అది జారి వేగం కొలిచే సెన్సరుకి దూరమవుతుంది, చేత్తో సర్దితే చాలు. తర్వాత కనెక్టర్లలో నీళ్ళు. మామూలు సైకిల్‌కి బిగించే హబ్ మోటారు కిట్లలో, బ్రేకు పట్టగానే మోటారును ఆపే లివర్ స్విచ్ ఇరుక్కుపోయినా మోటారు రాదు. ఒక్కో లివర్ కనెక్టరు విప్పి చూస్తే ఏదో తెలిసిపోతుంది. బ్యాటరీ డబ్బా మాత్రం దారిలో విప్పొద్దు. లోపల మీరు బాగుచేయగలిగింది ఏమీ లేదు, షాక్, మంట రెండు ప్రమాదాలూ ఉన్నాయి.

క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల గుత్తి, విప్పే పనిముట్టు, పెడల్ కర్ర, అంటే క్రాంక్, లాగే పనిముట్టు, కరెంటు కొలిచే మీటరు వద్దా అని కొందరు అడుగుతారు. సొంతంగా కిట్ బిగించుకున్నవాళ్ళకు చిన్న మీటరు పనికొస్తుంది. మిగతావి ఇంట్లో ఉంచండి. ఒక షరతు: వెంట తీసుకెళ్ళే పనిముట్లతోనే, ఇంట్లో, ప్రతి పనీ ఒకసారి చేసి చూడాలి. పొడుగు స్పానర్‌తో బిగించిన నట్టు ఈ పొట్టిదానికి ఊడుతుందా? మడత పనిముట్టులోని 8 మి.మీ. అలెన్‌కి క్రాంక్ బోల్టు కదులుతుందా? చాలావాటికి కదలదు.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? ఫ్రేము మధ్య ఖాళీని బ్యాటరీ ఆక్రమించేసింది, అదే చిక్కు. హబ్ మోటారు వెనక ఉంటే బరువు ఇప్పటికే వెనక్కి వాలి ఉంటుంది, పనిముట్లు ముందు వైపు సంచిలో, కిందుగా పెట్టండి. మిడ్ డ్రైవ్ అయితే ఎక్కడైనా పర్లేదు, పైన మాత్రం వద్దు. సామానంతా దించితే గానీ అందని అడుగున కూడా వద్దు, వానలో పంక్చర్ పడితే తెలుస్తుంది. స్పేర్ ట్యూబును పాత సాక్సులో దూర్చండి, లేకపోతే స్పానర్ ఒరుసుకుని సంచిలోనే చిల్లు పడుతుంది. ఛార్జరుకి చుట్టూ మెత్తగా బట్టలు. అదనపు బ్యాటరీ మోసేవాళ్ళు మాత్రం బాగా వినండి: దాన్ని విడి పనిముట్లతో ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకండి. స్పానర్ వెళ్ళి కాంటాక్టుల మధ్య పడితే షార్ట్ అవుతుంది. కాంటాక్టులకు మూత వేయండి, వేరే సంచిలో పెట్టండి. రెండు బ్యాటరీలను వైరుతో జత కలిపే ప్రయోగాలు అసలే వద్దు. ఛార్జిలో తేడా ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి కరెంటు వరదలా పారుతుంది.

నా సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. చైను సాగుదల కొలిచే గేజ్ ఇది. 11, 12 గేర్ల చైను 0.5 శాతం సాగితే మార్చేయాలి, 10 గేర్లు, అంతకంటే తక్కువ అయితే 0.75 దాకా ఆగొచ్చు. అంతకు మించి ఆగితే వెనక పళ్ళు కూడా చైనుతో పాటే పోతాయి. వచ్చే వారం ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు సైకిళ్ళు ఇక్కడికి తెచ్చి ఉంటే, ముందు వాళ్ళవి కొలుద్దాం. ప్రశ్నలు కూడా అక్కడే అడగండి, చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళు ఈ డబ్బాలు పట్టుకు రండి.